సగం గడ్డం

ముఖానికి ఒకవైపు నున్నటి చెంప, రెండో వైపు నురగ, మెడలో సెలూన్ వాళ్ళ నల్ల గుడ్డ. ఆ వేషంలోనే బస్సు డ్రైవరు కుర్చీలోంచి లేచి, తలుపు తోసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. చిన్నా చేతిలోని కత్తి చేతిలోనే ఉండిపోయింది.

"ఏం చేశావురా ఆయన్ని?" అని పక్క గదిలోంచి అక్క తొంగి చూసింది.

ఏం చేశాడో చిన్నాకూ తెలియదు.

ఆ సెలూన్ అక్కాతమ్ముళ్ళది. ఆడవాళ్ళ వైపు అక్క చూస్తుంది, మగవాళ్ళ వైపు తమ్ముడు. ముప్పై దాటినా అక్క 'చిన్నా' అనే పిలుస్తుంది కాబట్టి వచ్చిన వాళ్ళందరికీ అతను చిన్నాయే. అతనికో పట్టింపు ఉంది. కుర్చీలో కూర్చున్నది ఎవరైనా సరే, కొత్త బ్లేడు కాగితం వాళ్ళ కళ్ళముందే చింపాలి, పాతది వాళ్ళ కళ్ళముందే విరిచి డబ్బాలో వేయాలి. ఫోనులో మునిగిపోయిన వాళ్ళని కూడా భుజం తట్టి మరీ చూపిస్తాడు. చాలామంది దాన్ని చాదస్తం అనుకుంటారు. డ్రైవరు మాత్రం మొదటిసారి వచ్చిన రోజే, ఇంత జాగ్రత్త తాను ఎక్కడా చూడలేదన్నాడు. ఆ ఒక్క మాటకు చిన్నా చాలా రోజులు నేలమీద నడవలేదు.

అప్పట్నుంచి డ్రైవరు గడ్డం సరిచేయించుకోవడానికి వస్తూనే ఉన్నాడు, సరిచేయాల్సింది ఏమీ లేకపోయినా. అతని బస్సు ఆ వీధిలోంచే పోతుంది. వాన రోజుల్లో వైపరు అటూ ఇటూ తిరిగే సందులోంచి కూడా అతని చూపు సెలూన్ వైపే ఉండేది. మనిషి చూపు రోడ్డు మీద ఉండాలి గానీ మన అద్దాల మీద ఏమిటని అక్క ఆటపట్టించేది. తమ్ముడి మనసు ఎటు మొగ్గుతుందో ఆమెకు ఎప్పుడో తెలుసు. పెళ్ళిచూపుల మాటెత్తడం మానేసిన మొదటి మనిషి ఆమే.

ఇంతకీ ఆ ఉదయం డ్రైవరు గడ్డం మొత్తం తీసేయమన్నాడు. ఎందుకని అడిగితే, ఒకరిని కాఫీకి పిలవాలి, ముఖం సరిగ్గా కనపడాలి కదా అన్నాడు.

"ఎవరిని?" అన్నాడు చిన్నా, కత్తి ఆపకుండా.

"మీ పనయ్యాక చెప్తాను," అని డ్రైవరు అద్దంలోంచి అతని కళ్ళలోకే చూశాడు.

ఎన్నడూ వణకని చిన్నా చెయ్యి అప్పుడు వణికింది. దవడ కింద సన్నగా తెగి రక్తం వచ్చింది. పటిక అందుకునేలోపు కంగారులో బొటనవేలితోనే అదిమేశాడు. డ్రైవరు ఆ చేతిని ఒక్క తోపు తోసి, "ముట్టుకోకండి," అన్నాడు. ఆ తర్వాత జరిగింది మనం చూశాం.

చిన్నా తెగ మథనపడ్డాడు. తన ముఖంలో ఉన్నదంతా అతను చదివేసి ఉంటాడు, అసహ్యం పుట్టి ఉంటుంది, ఆ కాఫీ ఎవరో అమ్మాయి కోసమై ఉంటుంది అనుకున్నాడు. ఆ వారమంతా బస్సు వెళ్ళినప్పుడల్లా వెనక గదిలోకి వెళ్ళి తువ్వాళ్ళు మడతపెట్టాడు. మడతపెట్టినవే మళ్ళీ మడతపెట్టాడు. డ్రైవరు ముఖానికి మాస్కు కట్టుకుని బండి నడుపుతున్నాడని, జలుబేమోనని అక్కే వచ్చి చెప్పింది.

ఒక మధ్యాహ్నం, షాపులో ఎవరూ లేని వేళ, ఆ మాస్కు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో ఉతికి ఇస్త్రీ చేసిన నల్ల గుడ్డ. అక్క ఇద్దరినీ ఒకసారి చూసి, తనకు టీ తాగాలని ఉందని చెప్పి బయటికి నడిచింది. ఆమెకు టీ అంటే గిట్టదు.

డ్రైవరు మాస్కు తీశాడు. నున్నగా గీసిన వైపు మళ్ళీ మొలకలు వచ్చాయి. రెండోవైపు గడ్డం అలాగే ఉంది.

"ఇంట్లో తీసేసుకోలేకపోయారా?" అన్నాడు చిన్నా. అడగాలనుకున్నది అది కాదు.

"తీసేసుకుంటే మళ్ళీ ఇక్కడికి రావడానికి వంక ఉండదు."

ఆ మాటకు చిన్నా కుర్చీ అతని వైపు తిప్పాడు. అయితే డ్రైవరు కూర్చోలేదు. గుడ్డ కుర్చీ మీద పెట్టి, నిలబడే చెప్పాడు. "నాకు హెచ్.ఐ.వి. ఉంది. కొన్నేళ్ళుగా రోజూ మాత్ర వేసుకుంటున్నాను. పరీక్ష చేస్తే వైరస్ కనపడనంత తగ్గిపోయింది. ఇలా ఉన్నంతకాలం నాతో పడుకున్నవాళ్ళకి కూడా నా నుంచి అది సోకదని డాక్టరమ్మ చెప్పింది. ఇదంతా నాకు తెలుసు. కానీ మీ వేలికి నా రక్తం అంటుకునేసరికి తెలిసినదంతా మర్చిపోయాను. కాఫీకి పిలవాలనుకున్నది మిమ్మల్నే. ఈ సంగతి చెప్పకుండా పిలవడం నాకు ఇష్టం లేదు."

చిన్నా చూపు తనకు తెలియకుండానే బొటనవేలి మీదికి పోయింది. డ్రైవరు అది గమనించాడు. ముఖం చిన్నబోయింది. మాస్కు మళ్ళీ పెట్టుకోబోయాడు.

"ఆగండి," అన్నాడు చిన్నా. "అబద్ధం ఎందుకు, భయమేసింది. తెలియక వేసిన భయం. ఆ డాక్టరమ్మ దగ్గరికి నన్ను తీసుకెళ్ళండి. తెలుసుకుంటాను."

అలా ఇద్దరూ క్లినిక్‌కి వెళ్ళారు. డ్రైవరు బయట బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ వయసులో పెద్దది, చెప్పేది నాన్చకుండా చెప్పే మనిషి. తెగిన గాయం లేని వేలికి అంటిన ఆ చుక్కతో ఏమీ కాదంది. డ్రైవరు మందు మానకుండా, వైరస్ అలా కనపడకుండా ఉన్నంతకాలం పడకలో కూడా హెచ్.ఐ.వి. భయం అక్కర్లేదంది. అయితే ఆ మాత్ర పడకలో అంటుకునే మిగతా జబ్బులకు అడ్డు పడదు, వాటికి కండోమ్ కావాలి, అప్పుడప్పుడూ పరీక్షా కావాలి అంది. చిన్నా మనసు తేలికపడి లేవబోతుండగా ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

"అతని సంగతి సరే. నువ్వు ఎప్పుడు పరీక్ష చేయించుకున్నావు బాబూ?"

ఎప్పుడూ లేదని చిన్నా ఒప్పుకున్నాడు. లోగడ ఒకరిద్దరితో పరిచయాలున్నాయి. ఊరందరికీ బ్లేడు కాగితం చింపి చూపించే మనిషి తన ఒంటి గురించి ఒక్కసారి కూడా అడిగి తెలుసుకోలేదు. ఆరోగ్యంగా కనపడుతున్నాను కదా, ఏముంటుందిలే అనుకున్నాడు.

అప్పుడే పరీక్షకు రక్తం ఇచ్చాడు. ఫలితాల రోజు డ్రైవరు కూడా తోడు వచ్చి, అదే బెంచీ మీద కూర్చున్నాడు. అంతా తేలాకే చిన్నా చేత తీయించుకుంటానన్నాడు కాబట్టి, మాస్కు వెనక ఆ సగం గడ్డం ఇంకా అలాగే ఉంది. లోపల డాక్టరమ్మ చెప్పింది: హెచ్.ఐ.వి. లేదు, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. ముందే దొరికింది కాబట్టి సూదిమందుతో నయమైపోతుంది. పూర్తిగా తగ్గేదాకా ఎవరికీ దగ్గర కాకూడదు. పాత స్నేహితులకు కబురు చెప్పాలి, వాళ్ళూ చూపించుకోవాలి. ఎవరైనా తోడుంటే పిలుచుకో, ఇప్పుడే సూది వేయిస్తానంది.

తోడు. చిన్నాకు ఆ బెంచీ దాటడమెలాగో తోచలేదు. అతను అంత ధైర్యంగా తన సంగతి చెప్పాడే, తాను వేలు చూసుకుని అతన్ని నొప్పించాడే, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? తలదించుకుని, డ్రైవరు ముందునుంచే గబగబా వీధి తలుపు వైపు నడిచాడు.

"ఈసారి పారిపోవడం నీ వంతా?" అన్న మాట వెనకనుంచి వినపడింది. డ్రైవరు మొదటిసారి 'నువ్వు' అన్నాడు.

చిన్నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరక్కుండానే, గోడతో చెబుతున్నట్టు అంతా చెప్పేశాడు. చివరికి, "నిన్ను చూసి భయపడ్డాను. తీరా చూస్తే జాగ్రత్త లేనిది నాకే," అన్నాడు.

డ్రైవరు లేచి దగ్గరికి వచ్చాడు. ఓదార్పు మాటలేవీ అనలేదు. "ఆ సూది బాగా నొప్పి పుడుతుంది. ఒకప్పుడు నాకూ వేశారు," అన్నాడు. "నా చెయ్యి పట్టుకో. గట్టిగా పట్టుకున్నా పర్లేదు."

చిన్నా అలాగే పట్టుకున్నాడు. ఆ సాయంత్రం స్టీరింగు తిప్పుతుంటే డ్రైవరుకు వేళ్ళు సలిపాయట.

పాత స్నేహితులకు ఫోన్లు చేయడం సూది కంటే కష్టమైంది. ఒకతను కసిరాడు, ఒకతను చెప్పినందుకు కృతజ్ఞతలన్నాడు. ఆ ఫోన్లు చేస్తున్నంతసేపూ డ్రైవరు పక్కనే ఉన్నాడు. కాఫీ కూడా తాగారు, ఒకసారి కాదు. డాక్టరమ్మ సరేననేదాకా చేతులు పట్టుకోవడం దగ్గరే ఆగారు. ఆ ఆగడంలోనూ ఏదో తీపి ఉందని చిన్నా అక్కతో అన్నాడు. అక్క విననట్టు ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అంతా నయమైందని తేలిన రోజు డ్రైవరు మాస్కు తీసి కుర్చీలో కూర్చున్నాడు. చిన్నా కొత్త బ్లేడు కాగితం అతని కళ్ళముందే చింపాడు. ఇకమీదట పరీక్షలకు ఇద్దరూ కలిసే వెళ్ళాలని అప్పటికే అనుకున్నారు. ఒకవైపు పొట్టిగా, రెండోవైపు పొడుగ్గా పెరిగిన ఆ గడ్డం నురగతో పాటు జారిపోయింది. ఈసారి చెయ్యి వణకలేదు.

డ్రైవరు అద్దంలో తన రెండు చెంపలూ తడుముకుని నిట్టూర్చాడు. "అయిపోయింది. ఇక రావడానికి వంక లేదు."

"రేపు పొద్దున్నకి మళ్ళీ మొలుస్తుందిగా," అన్నాడు చిన్నా.

పక్క గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "ఆ మొలిచేదేదో మనింట్లోనే మొలవనీరా. రాత్రికి భోజనానికి ఉండమను."