మంచు మీద మసి

పిస్కాటవే ఊళ్ళో ఒక లాండ్రీ షాపు పైనున్న తన ఆఫీసులోకి ప్రైవేట్ డిటెక్టివ్ దక్షిణామూర్తి ఇంకా సరిగ్గా అడుగు పెట్టనే లేదు, వెనకాలే ఒక మనిషి తలుపు తోసుకుని వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చుని, మరుక్షణమే లేచి నిలబడ్డాడు.

"నా పేరు జగదీష్. మెకానికల్ ఇంజనీర్‌ని. నా ఫ్రెండ్‌ని చంపబోయింది నేనో కాదో మీరే తేల్చి చెప్పాలి," అన్నాడు.

టైప్ చేస్తున్న శాంతి చేతులు ఆగిపోయాయి. దక్షిణామూర్తి దగ్గర అసిస్టెంట్‌గా చేరాక ఆమె ఎన్నో కేసులు చూసింది గాని, తన మీద తనే అనుమానంతో వచ్చిన క్లయింటు ఇతనే మొదటివాడు.

దక్షిణామూర్తి తొందరపడలేదు. ఒకప్పుడు అగ్నిప్రమాదాల మీద దర్యాప్తు చేసే ఉద్యోగంలో ఉన్న మనిషి. భయపడ్డవాళ్ళని మాట్లాడనిస్తే అన్నీ వాళ్ళే చెబుతారని ఆయన నమ్మకం. జగదీష్ కిటికీ దగ్గరికీ తలుపు దగ్గరికీ తిరుగుతూ చెప్పుకొచ్చాడు.

అతని ప్రాణస్నేహితుడు మోహన్‌కి క్యాంపింగ్ పిచ్చి. పాత వ్యాన్ కొని లోపల పరుపు, కార్పెట్ వేయించుకున్నాడు. చలికాలంలో కూడా హాయిగా పడుకోవాలని ఒక డీజిల్ హీటర్ తెప్పించుకుంటే, దాన్ని జగదీషే బిగించాడు. పోయిన వారాంతం మోహన్ ఆ వ్యాన్‌లో పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండలకి వెళ్ళాడు. భార్య పద్మినికి హాస్పిటల్ డ్యూటీ ఉండి వెళ్ళలేదు. ఇంకో స్నేహితుడు శ్రీధర్, అతని భార్య రాధారాణి వెంట వెళ్ళి పక్కనే క్యాబిన్‌లో దిగారు. తెల్లారి శ్రీధర్ వెళ్ళి చూస్తే మోహన్ వ్యాన్‌లో స్పృహ లేకుండా పడున్నాడు. ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు. ప్రాణం దక్కింది గాని మాటలు తడబడుతున్నాయి. ఆ రాత్రి సంగతి ఒక్కటీ గుర్తులేదు.

"హీటర్ పొగగొట్టం ఊడి ఉందన్నారు పోలీసులు. నా మీద కేస్ ఫైల్ చేస్తారట. పద్మిని నా ఫోన్ కూడా ఎత్తట్లేదండీ."

"ఆ హీటర్ ఎలా పనిచేస్తుందో మా శాంతికి అర్థమయ్యేలా చెప్పండి."

"పెట్టె వ్యాన్ కింద ఉంటుంది. డీజిల్ అక్కడే మండుతుంది. పొగ గొట్టంలోంచి వెనక చక్రం పక్కకి పోతుంది. లోపలికొచ్చేది శుభ్రమైన వేడిగాలి ఒక్కటే. గొట్టం పెట్టె దగ్గర ఊడిపోతే మాత్రం పొగ నేలలోని కన్నాల్లోంచి లోపలికి ఎక్కుతుంది."

"గొట్టాన్ని పెట్టెకి పట్టి ఉంచే క్లాంప్ మీరు బిగించారా?"

"బిగించాను. చేత్తో తిప్పే మర అది. తిప్పింది గుర్తుంది. కానీ ఇప్పుడు, నిజంగా తిప్పానా అని నాకే డౌట్ వస్తోంది." జగదీష్ తన కుడిచేతిని వేరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే శాంతి కారు తీసింది. దారంతా మంచు కరిగి బురదయింది. దక్షిణామూర్తి ఒక్క మాటా మాట్లాడకుండా మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. ఆయన అలా ఉన్నప్పుడు పలకరించకూడదని శాంతికి తెలుసు.

క్యాంపు గ్రౌండ్ షెడ్డులో వ్యాన్ ఉంది. దక్షిణామూర్తి దాని కిందికి దూరితే శాంతి లోపలికెక్కింది.

"సార్, పరుపు పక్కన కార్పెట్ చూడండి. మూడుచోట్ల చిన్నగా కరిగి గట్టిపడింది."

ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. నాణెమంత మచ్చలు మూడు, ముక్కోణంగా ఉన్నాయి. మరలోగాని గొట్టంలోగాని పగులు లేదు. హీటర్‌కి ప్రత్యేకంగా ఉన్న చిన్న ట్యాంకులోంచి కొంచెం డీజిల్ సీసాలో పట్టించాడు.

క్యాంపు చూసుకునే ముసలి రేంజర్ మోహన్ దొరికిన ఉదయం తను తీసిన ఫొటోలు చూపించాడు. ముందురోజే పడిన మంచు మీద వ్యాన్ నిలబడి ఉంది. వెనక చక్రం పక్కన మంచు మీద నల్లటి మసి మచ్చ. పెట్టె కింద మంచు నలిగింది గాని తెల్లగానే ఉంది. కొంచెం దూరంలో బల్ల, దాని పక్కన మూడుకాళ్ళ బొగ్గుల పొయ్యి.

"మీరుగాని, పోలీసులుగాని వ్యాన్ కిందికి దూరారా?"

"లేదు. టార్చి వేసి పక్కనుంచి చూశాం."

"శ్రీధర్ మీ దగ్గరికి ఎలా వచ్చాడు?"

"పరుగెత్తుకుంటూ వచ్చాడు. దారిలో జారి పడ్డానన్నాడు, పాపం వణికిపోతున్నాడు. వీపంతా మంచే. నేనే దులిపి కాఫీ ఇచ్చాను."

మర్నాడు సాయంత్రం శ్రీధర్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళారు. శ్రీధర్ మందుల కంపెనీలో కెమిస్ట్. సన్నగా, నీటుగా ఉన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ చేతిలోని కాఫీ కప్పుని గుండ్రంగా తిప్పుతూనే ఉన్నాడు.

"ఆ పొయ్యి మీదేనా?"

"మాదేనండీ," అంది రాధారాణి. "సాయంత్రం మొక్కజొన్న పొత్తులు కాల్చాం. నాకు చలి ఆగక ముందే క్యాబిన్‌లోకి వెళ్ళి పడుకున్నాను. ఈయన పొయ్యి ఆర్పి వస్తానన్నారు."

"నీళ్ళు పోసి ఆర్పేశాను," అన్నాడు శ్రీధర్. "బల్ల దగ్గరే వదిలేశాను."

"ఆ తర్వాత మోహన్‌ని చూశారా?"

"గుడ్‌నైట్ చెప్పాను. హీటర్ నడుస్తోంది, హాయిగా ఉన్నాడు." ఒక్క క్షణం ఆగి, "జగదీష్‌ని ఏమీ అనకండి సార్. వాడు కావాలని చేసింది కాదు కదా," అన్నాడు.

కారెక్కాక శాంతి, "మంచివాడిలాగే ఉన్నాడు సార్," అంది.

"మంచివాడే. అదే చిక్కు," అన్నాడు దక్షిణామూర్తి.

ఆదివారం మధ్యాహ్నం దక్షిణామూర్తి అందర్నీ మోహన్ ఇంట్లో కూర్చోబెట్టాడు. మోహన్ సోఫాలో రగ్గు కప్పుకుని ఉన్నాడు. జగదీష్ లోపలికి వచ్చినప్పుడు పద్మిని మొహం తిప్పుకుంది. అతను గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

దక్షిణామూర్తి సీసా తీసి టీపాయ్ మీద పెట్టాడు. అందులోది పేరిన నెయ్యిలా ఉంది.

"ఇది హీటర్ ట్యాంకులోని డీజిల్. రాత్రి మా కిటికీ బయట పెట్టాను, తెల్లారేసరికి ఇలా అయింది. మోహన్‌గారు ఇది ఎక్కడ నింపారమ్మా?"

"ఫ్లోరిడాలో," అంది పద్మిని. "వేసవిలో వెళ్ళినప్పుడు."

"వేడి ప్రాంతంలో అమ్మే డీజిల్ చలికి గడ్డకడుతుంది. కొండల మీద ఆ హీటర్ కొంతసేపు మండి ఆగిపోయింది. మండినంతసేపూ పొగ వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. మసి వెనక చక్రం పక్కన ఉంది. గొట్టం అప్పటికే ఊడి ఉంటే పెట్టె కింద మంచు నల్లబడాలి. అక్కడ తెల్లగా ఉంది. అంటే హీటర్ ఆరిపోయాకే ఎవరో గొట్టం ఊడదీశారు. జగదీష్‌గారూ, మీరు మర బాగానే బిగించారు."

జగదీష్ గోడకి ఆనుకున్నాడు.

"మరి ఆ గ్యాస్ ఎక్కడిది?" అంది పద్మిని.

"బొగ్గులది. వ్యాన్ కార్పెట్ మీద మూడుకాళ్ళ పొయ్యి కాలిన గుర్తులున్నాయి. హీటర్ ఆగి మోహన్‌గారు వణుకుతుంటే, ఎవరో నిప్పులున్న పొయ్యిని లోపల పెట్టారు. రాధారాణిగారు నిద్రపోయారు. మేలుకుని ఉన్నది ఒక్కరే. పొద్దున రేంజర్ దగ్గరికి పరుగెత్తిన మనిషి జారి పడ్డానన్నాడు. జారి పడితే ఏదో ఒక్కచోటే మంచు అంటుతుంది. ఆయనకి వీపంతా అంటింది. వ్యాన్ కింద వెల్లకిలా పడుకుంటేనే అలా అంటుతుంది. కింద నలిగిన మంచు ఆయన పడుకున్న చోటే."

రాధారాణి మెల్లిగా భర్త వైపు తిరిగింది.

శ్రీధర్ చేతిలోని కాఫీ కప్పు టీపాయ్ మీద పెట్టాడు. "కిటికీ కొంచెం తీసి ఉంచమని చెప్పాను," అన్నాడు. "చలికి మూసేసుకున్నట్టున్నాడు. నేను వాడికి వెచ్చగా ఉంటుందనే పెట్టాను. పొద్దున తలుపు తీస్తే... నేను కెమిస్ట్‌ని. బొగ్గులు మూసిన వ్యాన్‌లో పెట్టానని ఎవరికి చెప్పను? గ్రీన్ కార్డ్ ఇంటర్‌వ్యూ ఉంది, ఉద్యోగం ఉంది. బుర్ర పనిచెయ్యలేదు. పొయ్యి తీసి బల్ల దగ్గర పెట్టి, కింద గొట్టం లాగేశాను. యాక్సిడెంట్ అనుకుంటారనుకున్నాను. జగదీష్‌ని పట్టుకుంటారని అనుకోలేదు."

"అనుకోలేదా? ఇన్నాళ్ళూ చూస్తూ ఉన్నావు కదరా," అన్నాడు జగదీష్.

శ్రీధర్ తల వంచుకున్నాడు.

పద్మిని లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, అందుకే శాంతికి ఎక్కువ భయమేసింది.

"అన్నయ్యగారూ, ఒక్కటి చెప్పండి. మీరు ముందు పొయ్యి తీశారు, తర్వాత గొట్టం ఊడదీశారు, ఆ తర్వాత రేంజర్ దగ్గరికి వెళ్ళారు. అంతసేపూ ఈయనకి ఊపిరుందా?"

శ్రీధర్ టీపాయ్ మీది కప్పుని గుండ్రంగా తిప్పాడు.

"ఉంది," అన్నాడు శ్రీధర్ చివరికి. "కింద పడుకున్నప్పుడు... మూలుగు వినిపిస్తూనే ఉంది."

రాధారాణి కుర్చీలోంచి లేచి కోటు వేసుకుని, అతని కోసం ఆగకుండా బయటికి వెళ్ళిపోయింది. దక్షిణామూర్తి మెల్లిగా, "పోలీసులతో మీరే చెప్పండి. నేను వెంట వస్తాను," అన్నాడు. శ్రీధర్ తల ఊపాడు.

అప్పటిదాకా ఒక్కొక్కరి మొహంలోకీ మార్చి మార్చి చూస్తున్న మోహన్ మాట కోసం వెతుక్కుంటూ పెదాలు కదిపాడు.

"ఎవరు... ఎవరు మూలిగారు?"

పద్మిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జగదీష్ గుమ్మం దగ్గర్నుంచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. జారిన రగ్గుని భుజాల మీదికి లాగి, "నువ్వేరా," అన్నాడు.