లుసుంగు వాళ్ళమ్మ

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు విప్పాలన్నా నాకు బెదురు. ఎస్నాత్ మా పక్కింటావిడ. ఆమె గొంతు తగ్గించి చెప్పింది, నేను విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను, అంతే.

మా వైపున్న ముసోలా జలపాతానికి మంచి పేరు లేదు. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉంటారు. ఫొటోలు దిగుతారు, తెచ్చుకున్నది తింటారు... పొద్దు వాలకముందే పైకి వచ్చేస్తారు. ఆ నీళ్ళకి చెవులున్నాయంటారు. అక్కడ ఎవరినైనా పేరు పెట్టి పిలిస్తే నీళ్ళు వింటాయట. ఆ పేరుగలవాళ్ళని పంపిస్తాయట — ఎక్కడున్నా సరే. ఉన్నారో పోయారో నీళ్ళకి తెలీదు కదా.

ఎస్నాత్ వాళ్ళది సరిహద్దు అవతల, మలావీ. మొగుడు వైసన్ లారీల షెడ్డులో మెకానిక్కు. ఆ పని కోసమే మా జాంబియా వచ్చారు. వచ్చేముందు, వానల్లో, వాళ్ళ పెద్దపిల్ల లుసుంగు జ్వరమొచ్చి పోయింది. ఆరేళ్ళది. దాన్ని అక్కడే మట్టి చేసి, నాలుగేళ్ళ కొడుకు ఖుంబోని చంకనేసుకుని ఇటు వచ్చేశారు.

అప్పటినుంచీ ఎస్నాత్ మొద్దుబారిపోయింది. ఏడ్చిందీ లేదు. వండేది, ఉతికేది, పిల్లాడికి నీళ్ళు పోసేది. వాడు "అమ్మా" అంటే మాత్రం ఆ మాట చెవికెక్కేది కాదు. తల్లి నోట తన పేరు విని ఎన్నాళ్ళయిందో వాడికే తెలియాలి. ఇలాగే సాగితే ఉన్న బిడ్డకి కూడా తల్లి లేకుండా పోతుందని వైసన్ భయం. అందుకే ఒక ఆదివారం షెడ్డువాళ్ళ పికప్పు అడిగి తెచ్చాడు. ముగ్గురూ బయల్దేరారు.

కిందికి దిగే దారి మొదట్లో, వేరుశనక్కాయలమ్మే ముసలామె ఆపింది.

"నన్ను బానా చొలా అంటారు. చొలా వాళ్ళమ్మనని. నా సొంత పేరు నాకే గుర్తులేదు," అని నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "కిందికెళ్ళాక పేరు పెట్టి ఎవర్నీ పిలవకండి నాయనా. చప్పట్లు కొట్టండి, ఈల వేయండి. పేరు మాత్రం... వద్దు."

"నాకా బాధ లేదు పెద్దమ్మా," అన్నాడు వైసన్. "పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిస్తే మా అమ్మ చెంప పగలగొట్టేది. వీడికంటారా, 'ఒరేయ్' అంటే చాలు."

"మంచిది. కాయలు కొనకుండా పోయేవాళ్ళని కూడా నీళ్ళు గుర్తు పెట్టుకుంటాయి."

వైసన్ నవ్వి, ఓ పొట్లం కొన్నాడు.

కింద బండల మీద గుడ్డ పరుచుకుని, మొక్కజొన్న పిండితో చేసిన న్సీమా ముద్దలు వేయించిన చేపతో తిన్నారు. ఖుంబో నీళ్ళలోకి రాళ్ళు విసిరాడు. ఎస్నాత్ ఆ తెల్లటి నీటికేసి చూస్తూ కూర్చుంది. అంత హోరు... ఆమెకది బాగుంది. ఇంకేమీ వినక్కర్లేదు.

పొద్దు వాలింది. తుంపర మంచులా కమ్మేసింది. "సామాన్లు పైన పెట్టొస్తా," అని వైసన్ బుట్ట ఎత్తుకున్నాడు. "అమ్మా, నాన్నతో వెళ్తున్నా," అన్నాడు ఖుంబో. ఆమెకి వినపడలేదు. వాడు తన పక్కనే ఆడుకుంటున్నాడనుకుంది.

కాసేపటికి పైనుంచి వైసన్ కేక —

"లుసుంగు వాళ్ళమ్మా... రా, చీకటి పడుతోంది."

రోజూ వినే పిలుపే. ఆమె లేచింది.

హోరు ఆగినట్టయింది. ఒక్క క్షణం. అంతే, మళ్ళీ మొదలైంది.

ఒక చిన్న చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది.

వాడే అనుకుంది. తడిసి చల్లగా ఉంది చెయ్యి. నీళ్ళలో ఆడాడు కదా. మెట్లలాంటి రాళ్ళ మీద మెల్లగా ఎక్కసాగింది.

సగం ఎక్కాక గుర్తొచ్చింది. ఖుంబో ఎప్పుడూ చెయ్యి పట్టుకోడు. కొంగు పట్టుకుంటాడు.

ఈ చెయ్యి ఆమె చిటికెన వేలూ ఉంగరపు వేలూ, ఆ రెంటినే పట్టుకుంది. సంతలోనూ, చర్చి దారిలోనూ అలా పట్టుకుని నడిచింది ఒక్కతే.

ఆమె కిందికి చూడలేదు. అడుగు మాత్రం నెమ్మదించింది. ఈ దారి అయిపోకూడదు... అదొక్కటే అనుకుంది.

"అమ్మా," పైనుంచి ఖుంబో.

ఆమె వేళ్ళ మీది పట్టు బిగిసింది.

"అమ్మా..."

ఆ తర్వాత వాడు తండ్రితో చెప్పడం వినిపించింది. ఏడుపు లేదు, అలక లేదు, తెలిసిన సంగతే చెప్పినట్టు —

"వినపడదులే నాన్నా. అమ్మకి వినపడదు."

ఆ మాట వినపడింది.

ఆమె ఆగిపోయింది. తిమ్మిరెక్కిన కాలికి సూది తగిలినట్టు లోపలెక్కడో చురుక్కుమంది. వెనక్కి తిరిగి, ఈ చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిచిపోవడం చాలా తేలిక. పైకెళ్ళడమే కష్టం. వదలాలని లేదు. దేవుడి సాక్షిగా, వదలాలని లేదు.

పెదవులు కదిలీ కదలకుండా పిలిచింది —

"ఖుంబో."

వేళ్ళ మీది పట్టు సడలింది. తొందర లేకుండా... ఒక్కొక్క వేలే.

పైనుంచి చిట్టి అడుగుల చప్పుడు. వాడు దూకుతూ వచ్చి ఆమె మోకాళ్ళు చుట్టేశాడు.

"పిలిచావా అమ్మా?"

పైకి వెళ్ళాక ఆమె మొగుడికి చెప్పింది. "ఇంకెవరి పిల్లో అయ్యుంటుందిలే. దారి తప్పి నీ చెయ్యి పట్టుకుంది," అన్నాడు వైసన్. అక్కడ వాళ్ళ బండి తప్ప ఇంకో బండి లేదు. అది అతనికీ తెలుసు.

బానా చొలా గంప నెత్తికెత్తుకుని బండి కిటికీ దగ్గరకొచ్చింది. "పేరు పెట్టి ఎవర్నీ పిలవలేదుగా?"

"లేదు పెద్దమ్మా. దీన్నొక్కదాన్నే కేకేశాను."

"ఏమని?"

లుసుంగు పేరు వైసన్ నోటిదాకా వచ్చింది... గబగబా అద్దం ఎక్కించి బండి తీశాడు.

మర్నాడు పొద్దున్నే ఎస్నాత్, ఖుంబోని గుడ్డతో వీపున కట్టుకుని కుళాయి దగ్గరకొచ్చింది. నాలుగేళ్ళవాణ్ణి. మేమంతా నవ్వాం.

"లుసుంగు వాళ్ళమ్మా, నీ వంతే," అంది ఎవరో.

ఆమె కదల్లేదు.

"ఓ లుసుంగు వాళ్ళమ్మా, చెవుడొచ్చిందా ఏంటి నీకు?"

"ఖుంబో వాళ్ళమ్మా అనండి," అంది ఎస్నాత్. "పలుకుతాను."

ఎవరమూ నవ్వలేదు. వెనకున్న నేనే మెల్లిగా అలా పిలిచాను. ఆమె ముందుకు జరిగి కుళాయి తిప్పింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ రాత్రంతా నీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. అవి నీళ్ళకి తగలకుండా, ఎడంచేత్తోనే బకెట్టు నింపుకుని వెళ్ళిపోయింది.