సదర్ నాటి చుట్టరికం

"పిల్లాణ్ణి చూడ్డానికి నేనొస్తే రాళ్లూ గోడలూ చూపిస్తావేమిటే?" అంది అమ్మాజీ, చార్మినార్ కింద నిలబడి మెడ వెనక్కి వంచి చూస్తూ.

"ముందు ఊరు చూడు. పిల్లాడెక్కడికీ పోడు," అంది హైమవతి.

ఆ ధీమా పైకి మాత్రమే.

అమ్మాజీ బందరు నుంచి వచ్చింది దీపావళి సెలవుల సరదాకి కాదు. సైదాబాదులో హైమవతి మేడమీది గదిలో అద్దెకున్న ఇంటికి రోజూ తెల్లవారుజామున బాలకిషన్ అనే కుర్రాడు పాలు పోస్తాడు. పదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసులో ఆమె ఎదురు టేబుల్ దగ్గర గుమాస్తాగా కూచుంటాడు. ఇద్దరూ పెళ్లి చేసుకుంటామంటున్నారు. కులం వేరు, ప్రాంతం వేరు, పైగా గేదెల ఇల్లు. హైమవతి తండ్రి శ్రీరామమూర్తిగారు నెల్లాళ్లు అలిగి, చివరికి ఓ ఉత్తరం ముక్క రాశారు: "అమ్మాజీ చూసి సరేనంటే నాకూ సరే."

అమ్మాజీ హైమవతికి చిన్ననాటి స్నేహితురాలు, బళ్లో పంతులమ్మ. మొహమాటం అనే మాట ఆవిడకి తెలీదు. అటు బాలకిషన్ తండ్రి దుర్గయ్య అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

ఇంత ముఖ్యమైన రోజున ఆ బాలకిషన్ కాస్తా రాలేదు. "రేపు మాత్రం తీరిక దొర్కదు. పొద్దుగూకినంక మీ గల్లీకే వస్త, ఫికర్ చెయ్యకు," అని నిన్న నవ్వేసి వెళ్లిపోయాడు.

అందుకే హైమవతి ఊరి మీద పడింది. మక్కా మసీదు పావురాలు చూపించింది. పత్తర్‌గట్టీ కమానుల కింద నడిపించింది. గాజుల గల్లీలో దుకాణం ముసలాయనతో ఉర్దూలో గీచి గీచి బేరమాడి, చేతినిండా గాజులు తొడిగించింది.

"ఆ తురకం ఎవరు నేర్పారే?"

"అలా వచ్చేసింది."

"ఎవరు నేర్పారో తెలిసిపోయింది గానీ, పద."

ఇరానీ హోటల్లో అడక్కుండానే బిస్కట్ల ప్లేటు తెచ్చి ముందు పెట్టారు. మర్యాద తెలిసిన మనుషులే అనుకుని అమ్మాజీ ప్లేటు ఖాళీ చేసింది. తిన్నవాటికల్లా డబ్బులు తీసుకుంటారని తెలిశాక ఆవిడ మొహం చూడాలి.

"మా ఊళ్లో పద్ధతి అంతేనే," అని హైమవతి నవ్వింది.

"మీ ఊరు బందరు కాదూ?"

హైమవతి తడుముకుంది. ఏడాదిన్నర కిందట అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, ఒక్క మాటా అర్థం కాక, ట్రంకుపెట్టె మీద కూచుని ఏడ్చింది తనే. ఇవాళ ఈ గల్లీల్లో కళ్లకి గంతలు కట్టినా తిరగగలదు. అది తలుచుకుంటే భలే గర్వంగా ఉంటుంది.

"ఇదీ మా ఊరే," అంది.

"ఊరు బాగుందే, కాదనను. మనిషి మటుకు మొహం చాటేశాడు. మీ నాన్నగారికి ఏమని చెప్పను?"

హైమవతి రిక్షాని పిలిచింది.

దీపాలు పెట్టే వేళకి రిక్షా సైదాబాదు చేరింది. గల్లీ మొదట్లో డప్పులు మోగుతున్నాయి. జనం మధ్య ఒక దున్నపోతు. ఒళ్లంతా నూనె పెట్టి నిగనిగలాడించారు. మెడలో గవ్వల పట్టీలు, పూలదండలు, కొమ్ములకి నెమలీకలు, కాళ్లకి గజ్జెలు. దాని తాడు పట్టుకుని, తలకి గులాబీ రంగు రుమాలు చుట్టుకుని నిలబడ్డవాడు బాలకిషన్.

హైమవతి వేలితో చూపించింది. అమ్మాజీ రిక్షా దిగి సరాసరి అతని దగ్గరికి వెళ్లింది. ఆవిడ పుట్టి పెరిగిన చోట దున్నపోతుని ఇలా ముస్తాబు చేస్తే అది అమ్మవారి జాతరకే. ఆ తర్వాత జరిగేది ఆవిడ చిన్నప్పుడు కళ్లారా చూసి మూడు రోజులు అన్నం మానేసింది.

"ఇంత ముద్దుగా పెంచి, దీన్ని నరికించడానికి నీకు చేతులెలా వచ్చాయి బాబూ?" అంది.

డప్పులు ఆగిపోయాయి. బాలకిషన్ మొహం వాడిపోయింది.

"నరుకుడేంది అక్కా? వీడు బాద్షా. మా ఇంట్ల పుట్టిండు, నా తమ్ముని లెక్క. ఏడాదంత వీని తల్లులు మమ్ముల సాదుతరు. ఇయ్యాల సదర్ పండుగ, వీనికి మేం సలాం గొట్టే దినం. పొద్దుగాల్నుంచి నా చేతులతోటే కడిగిన, నూనె వెట్టిన. అందుకే మీతోని రాలే."

అమ్మాజీ నాలిక్కరుచుకుంది. కిందటి దీపావళికి హైమవతి బందరులో ఉంది, అందుకే సదర్ చూళ్లేదు. ఊరంతా తెలుసని పొద్దుట్నుంచీ కోతలు కోసిన మనిషికి, తను చేసుకోబోయేవాడి పండగే తెలీలేదు.

అంతలో వెనక నుంచి దుర్గయ్య వచ్చాడు. బుంగమీసాల మనిషి. కొడుకు చేతిలోంచి తాడు తీసుకున్నాడు. ఎవర్నీ పలకరించకుండా బాద్షాని గల్లీలోకి నడిపించాడు. హైమవతి అద్దెకుంటున్న ఇంటి ముందు ఆపాడు.

ఇంటావిడ రుక్మాబాయి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏంది దుర్గన్నా, తొవ్వ తప్పినవా? సదర్ నాడు దున్నను సుట్టాల ఇండ్లకు గద తీస్కపోతరు. నీకు నాకు ఏం సుట్టరికం?"

"నీ కోసం రాలే రుక్మాబాయి. మీది అర్రల ఉండే పిల్ల కోసం వచ్చిన. మా కోడలిల్లు గిదే గద."

గల్లీ అంతా హైమవతి వైపు తిరిగింది. ఆమె మాత్రం బాలకిషన్ వైపే చూసింది. అతను రుమాలు సర్దుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. నిన్నటి నవ్వు ఎందుకో ఆమెకిప్పుడు తెలిసింది. కళ్లనీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"సుట్టాలు ఇప్పుడు దండ ఎయ్యాలె," అంది రుక్మాబాయి. "పిల్ల దిక్కోళ్లు ఎవరున్నరు?"

అమ్మాజీ తన జడలోని చేమంతి దండ తీసింది. ముందుకి నడిచి బాద్షా కొమ్ముకి చుట్టింది.

"పిల్ల తరఫు వాళ్లం మేమే," అంది. తర్వాత బాలకిషన్ వైపు తిరిగింది. "తెలీక మాట జారాను. ఏమనుకోకు బాబూ."

"గా మాట నాకు గాదక్కా, వానికి చెప్పుండ్రి."

ఆవిడ నిజంగానే బాద్షా మొహంలోకి చూసి, "తప్పయింది నాయనా," అంది. గల్లీ గొల్లున నవ్వింది. డప్పులు మళ్లీ అందుకున్నాయి.

హైమవతి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. "నాన్నకి ఏం చెప్తావే?"

"వియ్యాలవారు వచ్చి వెళ్లారని చెప్తాను," అంది అమ్మాజీ. "ఆడపెళ్లివారు రావడమే ఇక ఆలస్యం."