పద్నాలుగో ఫ్రేము వెనక గోడ

రెండువేల డెబ్బైనాలుగు నాటికి ఫోటో అన్న మాటకి విలువ పోయి చాలాకాలమైంది. చంద్రుడి మీద గేదెను కడుగుతున్నట్టు బొమ్మ కావాలని నోటితో అంటే చాలు, ఇంటిగోడ మీది తెర అరక్షణంలో చూపించేది, గేదె ఒంటిమీది నీటిబొట్లతో సహా. ఏదడిగినా దొరికే రోజుల్లో ఇక అడగాలనిపించేదేముంటుంది? అందుకే విజయనగరంలో ఆరుగురు కలిసి ‘పాడుగోడల సంఘం’ అని ఒకటి పెట్టుకున్నారు. నెలకో ఆదివారం మూతబడిన ఏదో ఒక కర్మాగారానికి పోయి, అక్కడ నిజంగా ఉన్నదాన్ని మాత్రమే ఫోటో తీసుకొస్తారు. ఇంట్లోవాళ్ళు ఈ సంఘానికి పెట్టిన పేరు వేరు. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆ ఆదివారం భ్రమరాంబ జూట్ మిల్లు వంతు. సంఘంలో అందరికంటే పెద్దవాడు పైడిరాజు. అరవయ్యెనిమిదేళ్ళు. కుర్రతనంలో ఆ మిల్లులోనే గోగునార వడికాడు. కాబట్టి ట్రాము దిగిన దగ్గర్నుంచీ పెళ్ళివారింటి పెద్దలా ముందు నడుస్తూ, ఇక్కడ క్యాంటీను, ఇక్కడ సైకిళ్ళ షెడ్డు అంటూ, ఉన్నవీ లేనివీ చూపిస్తున్నాడు.

“బాబాయ్ గారూ, మీరు ఇక్కడ ఏ పని చేసేవారు?” అనడిగింది శాంభవి. ఆమె విశాఖలో భౌతికశాస్త్రవేత్త. భుజాన కొత్త కెమెరా పెట్టె ఉంది.

“స్పిన్నింగు. పద్నాలుగో నంబరు ఫ్రేము. ఈ మిల్లు మొత్తానికి బంగారంలాంటి మిషనమ్మా అది. ఎప్పుడూ నార అడ్డుపడేది కాదు.”

“తరవాత గేటు దగ్గరికి మార్చారట కదా?” అన్నాడు కరీముల్లా. రిటైరైన ట్రాము డ్రైవరు. ఆయనకి ఊరందరి కథలూ తెలుసు, వినకపోయినా.

పైడిరాజు మొహం ముడుచుకుంది. నలభైమూడేళ్ళనాటి సంగతి. పక్క ఫ్రేము సూరిబాబు ప్రాణస్నేహితుడు. ఒకే కంచంలో తిన్నవాడు. ఒకరోజు పెద్ద మేనేజరు వచ్చి నిలబడితే, సూరిబాబు అరవైమంది ముందు పైడిరాజుని చూపించి, “సార్, ఈడు ఈ పనికి పనికిరాడు, గేటు కాడ ఎయ్యండి” అన్నాడు. ఆ సాయంత్రమే పైడిరాజు చేతిలో గేటు తాళాలు పెట్టారు. ఆయన మళ్ళీ సూరిబాబు మొహంకేసి చూడలేదు. సూరిబాబు ఇప్పటికీ నాలుగు స్టాపుల అవతలే ఉంటాడు. వాడి వీధిలోంచి పోయే ట్రాము ఎక్కకుండా పైడిరాజు ఇన్నేళ్ళూ చుట్టుతిరుగుడు ట్రాములోనే తిరిగాడు. ‘పనికిరాడు’ అన్న ఒక్క మాట ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇవాళ ఆయన వచ్చింది కూడా అందుకే. తను ఆ ఫ్రేము ముందు నిలబడి పనిచేశాడని ఒక్క ఫోటో కావాలి. శాంభవి కెమెరా అది తీయగలదు.

దాని పేరు జాడదర్శిని. గోడకి పూసిన సున్నంలో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ స్ఫటికాలుంటాయి. వెలుగు పడినప్పుడల్లా వాటిలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు కొన్ని ఎగిరిపోతాయి. ఎవరైనా వెలుగుకి అడ్డంగా నిలబడితే, ఆ నీడ పడినచోట మాత్రం కొన్ని మిగిలిపోతాయి. ఆ మిగులుని జాడదర్శిని కొలిచి, పొరలు విడదీసి, ఏ నీడ ఎండ ఏ వాలులో ఉన్నప్పుడు పడిందో చెబుతుంది. దీన్నే శాంభవి ‘నీడనిల్వ’ అంటుంది.

“కాకపోతే ఒక లోపముంది,” అంది పెట్టె విప్పుతూ. “ఒక్కసారి జరిగినది దీనికి కనబడదు. ఒకేచోట, ఒకే వేళకి, కనీసం రెండొందల సార్లు నిలబడాలి. పోలీసులు దొంగల్ని పట్టుకోవచ్చని ఆశగా వచ్చారు. ఈ సంగతి విని టీ తాగి వెళ్ళిపోయారు.”

“పెళ్ళి కనబడదు, కొట్లాట కనబడదు. మరి గుర్తుపెట్టుకోదగ్గదేదీ దీనికి కనబడదన్నమాట,” అన్నాడు కరీముల్లా.

శాంభవి నవ్వింది.

స్పిన్నింగు షెడ్డులో మిషన్లు లేవు. నేలమీద తుప్పుపట్టిన బోల్టులు, ఇనుపస్తంభాల మీద వెలిసిన అంకెలు మిగిలాయి. పద్నాలుగో నంబరు పడమటి గోడ పక్కన చివరిది. ఎదురుగా తూర్పు కిటికీలు. పైడిరాజు సరిగ్గా తన చోట నిలబడి, గోడవైపు చూపించి, పక్కకి తప్పుకున్నాడు. గంటసేపు జాడదర్శిని గోడని తడుముతూ కూర్చుంది.

“రెండు నీడలున్నాయి,” అంది చివరికి. దాని గొంతు బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలా ఉంటుంది. “మొదటిది ఉదయం ఏడుంబావు ప్రాంతంలో. సుమారు తొమ్మిదివందల రోజులు.”

తెరమీద నీడ తేలింది. మొహం లేదు. కొంచెం వంగి, తెగిన దారానికి ముడివేస్తున్న సన్నటి మనిషి.

“నేనే,” అన్నాడు పైడిరాజు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “చూశావా కరీమూ, తొమ్మిదివందల రోజులు. పనికిరానివాడు నిలబడతాడేటి అన్ని రోజులు?”

“రెండోది ఉదయం ఆరుంబావు ప్రాంతంలో,” అంది కెమెరా. “సుమారు ఏడువందల రోజులు.”

“తప్పమ్మా. సైరన్ ఏడింటికి. అంతకుముందు లోపల ఎవరుంటారు?” అన్నాడు పైడిరాజు.

“ఎండ వాలు తప్పు చెప్పదు బాబాయ్ గారూ.” శాంభవి ఆ పొరని తెరమీదికి తెచ్చింది.

అదే ఫ్రేము మీదకి ఇంకో మనిషి వంగి ఉన్నాడు. తలకీ మూతికీ కలిపి తువ్వాలు చుట్టుకున్నాడు. చేతిలో పొడుగు పిడి బ్రష్షు. ఎడమ భుజం కుడిదానికంటే బెత్తెడు ఎత్తు.

ఊరంతటిలో ఆ భుజం ఒక్కడిదే. చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డాడు సూరిబాబు.

పైడిరాజు తెర దగ్గరికి వచ్చి ఆ భుజం మీద వేలు పెట్టాడు. నార దుమ్ము అంటే ఏమిటో ఆయనకి తెలుసు. రాత్రంతా ఫ్రేము మీద మందంగా పేరుకుంటుంది. పొద్దున్నే దులిపినవాడు గంటసేపు దగ్గుతాడు. ఆ రోజుల్లో పైడిరాజుకి ఉబ్బసం. సూరిబాబుకి తప్ప ఎవరికీ తెలియదు. మిషను బంగారమనుకుని మురిసిపోయాడు కానీ, తన మిషనొక్కదాని మీదే దుమ్మెందుకు ఉండదని ఏనాడూ అనుకోలేదు. మూడో ఏడు ఉబ్బసం ముదిరింది. ఆ సంగతి బయటపడితే ఉద్యోగమే పోయేది. అప్పుడే సూరిబాబు మేనేజరుతో ఆ మాటన్నాడు. ఆ షెడ్డులో పనిచేసినవాళ్ళలో యాభై దాటి బతికినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది.

“నేను గేటు కాడ మంచిగాలి పీల్చుకుంటూ ఆణ్ణి తిట్టుకున్నానమ్మా,” అన్నాడు. “ఏడువందల పొద్దులు కనబడనేదు నాకు. ఒక్క మాటే కనబడింది.”

శాంభవి తన కెమెరా వైపు చూసుకుంది. లోపమని ఇన్నాళ్ళూ అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్న సంగతి ఆమెకి గుర్తొచ్చింది. ఇక చెప్పుకోకూడదనుకుంది.

ఆ సాయంత్రం పైడిరాజు సూరిబాబు వీధి ట్రాము ఎక్కాడు. సూరిబాబు అరుగుమీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు, అదే ఎత్తు భుజంతో.

“నా మిషను నువ్వే తుడిసేవోడివేటిరా?” అన్నాడు పైడిరాజు.

“ఏ మిషను?”

“పద్నాలుగు. రోజూ, సైరన్ ముందు. బ్రష్షుతోని.”

సూరిబాబు చాలాసేపు ఆలోచించాడు. “తుడిసుంటాను. నాకు గేపకం నేదు,” అన్నాడు. “అందరి ముందూ పనికిరాడనీసినాను గదా, అదొక్కటే గేపకం. అలాగనకుండా ఉండాల్సిందిరా. ఇన్నేళ్ళూ నిద్దరట్టనేదు నాకు.”

పైడిరాజు వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. “నువ్వు బతికించావురా నన్ను,” అన్నాడు. ఎన్నిసార్లన్నాడో ఆయనకే తెలియదు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి పైడిరాజు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడు కూడా. మూడోరోజు సూరిబాబు తేరిపార చూసి అడిగాడు: “మళ్ళీ ఏటొచ్చావు? ఏటైనా మర్సిపోయావా?”

“ఒక్కపాలి వస్తే గోడకి అంటుకోదంటరా. రెండొందల సార్లైనా రావాల,” అన్నాడు పైడిరాజు.

సూరిబాబుకి ఆ మాట ఎంత అర్థమైందో గానీ, లోపలికి తిరిగి కోడలికి రెండు టీలు చెప్పాడు. తర్వాత లేచి, ఎండ పైడిరాజు మీద పడి నీడ గోడకి చేరేలా తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నాడు.