గోడలిచ్చిన పర్మిషన్

డాక్టర్ తన్మయి సబ్బుపెట్టె అంత యంత్రాన్ని వంటింటి గోడకు ఆనించి మీట నొక్కింది. నీలి వెలుగు గోడ మీద మెల్లగా పాకింది. వెనకాల ఉదయభాస్కర్ చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. కూచిపాలెంలో పెద్ద రైసుమిల్లు ఆయనదే. మిల్లు ఎంత పెద్దదో తనూ అంత పెద్దవాణ్ణని ఆయన నమ్మకం.

అది 2045వ సంవత్సరం. పొలాలన్నీ గెస్ట్‌హౌసులై, బియ్యానికి పరాయి దేశాల మొహం చూసే గతి పట్టాక ప్రభుత్వం ఒక చట్టం చేసింది: ఇల్లున్నవాడికి పొలంలో మరో ఇంటికి పర్మిషన్ లేదు. చట్టం వచ్చిన వారానికల్లా పెద్దమనుషులందరూ నిలువ నీడ లేని నిరుపేదలైపోయారు. మేడలన్నీ పెళ్ళాల పేర్లకూ బావమరుదుల పేర్లకూ మారాయి. ఉదయభాస్కర్ కూడా తన మేడను భార్య నీరజ పేర రాసేసి, కాలవ పక్క పొలంలో పది గదుల బంగళాకు దరఖాస్తు పెట్టాడు.

కాగితం అబద్ధమాడుతుంది గనకే, ఈ దరఖాస్తుల్ని తనిఖీ చేసి పర్మిషన్లిచ్చే ప్రభుత్వ శాస్త్రవేత్త తన్మయి గోడల్ని అడిగే యంత్రం తయారుచేసింది. ఇందులో కష్టమైన సంగతేమీ లేదు. ఊరగాయ జాడీని ఎన్నిసార్లు కడిగినా వాసన పోదు కదా, గోడా అంతే. మనిషి ఊపిరిలోని తేమా, ఒంటి జిడ్డూ గోడపూతలో పొరలు పొరలుగా ఇంకిపోతాయి. ఆ పొరల్లోని డీఎన్‌ఏను లేజర్ చదివి, ఎవరు ఎంతకాలం ఆ ఇంట్లో బతికారో చెబుతుంది.

"ఎంతసేపమ్మా ఇది? అవతల మిల్లులో పనుంది," అన్నాడు ఉదయభాస్కర్.

"ఇంట్లో ఎంతసేపు ఉంటారండీ మీరు?"

"ఇంట్లో కూర్చోడానికి నేనేమన్నా ఆడదాన్నా? భోజనం క్యారేజీలో మిల్లుకే వస్తుంది. పడక అక్కడి ఏసీ గదిలోనే. కావాలంటే ఈవిణ్ణడుగు."

గుమ్మం దగ్గర నీరజ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. బంగళా లేవగానే ఈ మేడను ధాన్యం గోడౌను చేస్తానని ఆయన పొద్దున్నే ప్రకటించాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆమె తుడిచి, కడిగి, ముగ్గేసిన ఇల్లది. పిల్లలు పెరిగి ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళినా, ఆమె మాత్రం ఈ ఇంట్లోనే ఉంది.

ఆరు గదులూ తిరిగొచ్చి తన్మయి తెర చూసింది. "ఈ ఇరవై ఆరేళ్ళలో మీరు ఇక్కడ ఉన్నది మొత్తం నూట నాలుగు రోజులండీ. అదీ హాల్లోనే."

ఆ మాట విని సిగ్గుపడేవాళ్ళు లోకంలో ఎక్కడైనా ఉంటారేమో. ఆయనకు మాత్రం పరీక్ష పాసైనంత సంబరమైంది. "అంటే నాకు ఇల్లు లేనట్టే. కొట్టు స్టాంపు."

"లేనట్టేనండీ. ఈ ఇల్లు కాగితం ప్రకారమూ, గోడల ప్రకారమూ నీరజగారిది. ఆవిడ ఇష్టం లేకుండా ఎవరూ దీని జోలికి రాకూడదు."

"రాసుకో, రాసుకో. రేపు ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుంది."

తన్మయి నీరజ వైపు తిరిగింది. "ఎన్ని గదులన్నది అక్కడ ఉండబోయేవాళ్ళను బట్టి ఉంటుందమ్మా. మీరూ బంగళాకు మారతారా?"

నీరజ చేతిలోని కాయ పక్కన పెట్టింది. "ఆయన ఇక్కడ లేరనే కదా మీ మిషను చెబుతోంది?"

"అవునమ్మా."

"ఇరవై ఆరేళ్ళు లేని మనిషి వెంట ఇప్పుడెక్కడికి పోతాను? నేను ఇక్కడే ఉంటాను. రాసుకోండి."

"ఏంటే ఆ వాగుడు," అన్నాడు ఉదయభాస్కర్. మిల్లులో ఆ గొంతుకు నలభైమంది లేచి నిలబడతారు. ఇక్కడ ఈగ కూడా కదల్లేదు.

తన్మయి రాసుకుంది. ఉండబోయేది ఒక్కరు. ఒక్కరికి చట్టం ఇచ్చేది పన్నెండడుగులకు పదడుగుల గది ఒకటి, పైన రేకులు. స్టాంపు కొట్టి కాగితం చేతికిచ్చింది.

మిగతా తొమ్మిది గదులు వెనకవైపు ఉన్నాయేమోనని ఆయన కాగితాన్ని తిప్పి చూశాడు. "ఇదేం వద్దు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటాను. నాకు ఈ ఇల్లే చాలు."

"ఇది మీది కాదని ఇప్పుడే కదండీ తేలింది. ఉండనిస్తారేమో, ఇంటివారిని అడగండి."

నీరజ లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. "ఎండన పడి వచ్చారు. భోంచేసి వెళ్ళండి," అంది, ఇంటికొచ్చినవాళ్ళతో అనే మర్యాదతో.

తన్మయి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. ఆ పిలుపులో తనూ ఉన్నాడో లేదో తెలియక ఉదయభాస్కర్ హాల్లోనే నిలబడిపోయాడు.