నిండుకున్న నీళ్ళు

చెట్లను పరీక్షించి నీళ్ళు పెట్టే యంత్రం వర్ణాక్షి, కంచురంగు చెట్టు మీద రోగిష్ఠిదని ఎర్రచుక్క వేసింది. పక్క తొట్టిలోని పచ్చని చెట్టుకు ఎప్పటిలాగే ఆకుపచ్చ చుక్క. తాయారు రెండింటి ముందూ నిలబడి చేతితొడుగులు విప్పింది. మనిషికొక చెట్టు అన్నది చంద్రతలం మీది ఆ గుమ్మటం నియమం. భర్త శోభనాద్రి పోయాక ఆమెకు ఒకటే మిగలాలి. రెండోది సాయంత్రంలోగా కొయ్యను పొట్టు చేసే యంత్రంలోకి పోతుంది.

కంచురంగుది ఆమెది, ఇన్నాళ్ళూ చలిగదిలో ఉంది. చలిలో పెడితే ఈ జూనిపర్ జాతి చెట్టు రంగు మారి నిద్రపోతుంది, వెచ్చదనం తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది. వర్ణాక్షికి ఋతువులు తెలియవు. అక్కడ ఎవరికి మాత్రం తెలుసు కనక. పచ్చని బోన్సాయ్ శోభనాద్రిది. దాన్ని వదులుకోవడం తాయారు వల్ల కాదు.

కానీ ఆ పచ్చదనంలో ఏదో వెలితి కనిపించింది. బెరడు గీకబోతుంటే ఆడపడుచు అలమేలు చెయ్యి పట్టుకుంది.

"గీకకు వదినా. పచ్చగానే ఉందిగా, ఉండనీ."

తాయారు గీకింది. లోపల ఎండుపుల్ల. జూనిపర్ వేళ్ళు చచ్చినా ఆకు వారాల తరబడి పచ్చగానే ఉంటుంది.

అలమేలు కూలబడి జరిగింది చెప్పింది. మైలరోజుల్లో బయటి గదిలోని చెట్లను చూసుకున్నది తనే. ట్యాంకు ఖాళీ అయింది. చావు జరిగిన ఇంట్లో 'లేవు' అనడానికి నోరు రాక, నీళ్ళు నిండుకున్నాయని వర్ణాక్షికి చెప్పింది. వాళ్ళమ్మ బియ్యానికీ అలాగే అనేది. వర్ణాక్షి మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయనుకుని గొట్టం కట్టేసింది.

"అన్నయ్య చెట్టును నేనే చంపాను వదినా."

తాయారుకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. తనూ అంతే. అడిగిన వాళ్ళందరికీ ఆయన కాలం చేశారనే చెప్పింది తప్ప ఆ చిన్న మాట ఒక్కసారీ అనలేదు.

ఏ చెట్టు ఉంచాలని వర్ణాక్షి అడిగింది. కంచురంగుదని చెప్పింది తాయారు.

"అది రోగిష్ఠిది. పచ్చనిది ఆరోగ్యంగా ఉంది."

"పచ్చనిదాంట్లో ప్రాణం లేదు." తాయారు గీకిన చోటు చూపించింది. "ఆయన లేరు."

వర్ణాక్షి ఆకుపచ్చ చుక్క చెరిపేసింది. గుమ్మటంలోని చెట్లన్నీ బతికున్నాయని అది రంగు చూసే నమ్మింది.

"పచ్చగా ఉన్నవన్నీ గీకి చూడాలా?"

"చూడాలి."

అలమేలు కళ్ళు తుడుచుకుని తన చెట్టు దగ్గరికి వెళ్ళింది. దానికీ ఆ ట్యాంకు నీళ్ళే. అదీ పచ్చగానే ఉంది.