దిగులుగూడు

"నే చెప్తున్నా వదినా, ఈ సంచి బయట వదిలి లోపలికెళ్ళామా, పిల్లకి ఏదో ఒకటి అయి తీరుతుంది."

ఆటో దిగినప్పట్నించీ సత్యవేణి నోట ఇదే మాట. ఒక చేత్తో ఆరేళ్ళ కూతురు ఇందుని పట్టుకుంది, ఇంకో చేత్తో సంచిని గుండెకి అదుముకుంది. సంచిలో పెళ్ళికూతురికివ్వాల్సిన వెండి కుంకుమభరిణె, పిల్లకి మారుబట్టలు, అన్నిటికన్నా పైన ఇందు ఆయాసానికి వాడే పీల్చుమందు.

"తథాస్తు దేవతలుంటారు, నోరు ముయ్యి! శుభమా అని పెళ్ళికొచ్చి ఏం మాటలవి?" అని కసిరింది ఆడపడుచు రాజ్యం. "ఊరంతా దించుకునే వెళ్తున్నారు. నీ దిగులొక్కటే బంగారమా, ఎవరో ఎత్తుకుపోడానికి?"

కల్యాణమండపం గుమ్మం పక్కనే ఉంది దిగులుగూడు. ఒకప్పుడు ఇలాంటి చోట సంచులు, గొడుగులు, హెల్మెట్లు పెట్టి బిళ్ల తీసుకునేవారట. ఇప్పుడు భయం కూడా అక్కడే దించాలి. జనం కూడిన చోట ఒకరి భయం పదిమందికి అంటుకుని తొక్కిసలాటలవుతున్నాయని గుళ్ళల్లో, సినిమాహాళ్ళలో, పెళ్ళిళ్ళలో ఎక్కడా భయంతో ఉన్నవాళ్ళని రానివ్వడంలేదు. నుదుటికి చల్లటి పట్టీ చుడితే చాలు, గుండెలోని గుబులంతా అందులోకి దిగిపోతుంది. పట్టీనీ సంచినీ ఒకే గూట్లో పెడతారు. తిరిగొచ్చాక ఆ పట్టీ మళ్ళీ నుదుటికి పెట్టుకుంటేనే సంచి చేతికొస్తుంది. లేకపోతే జనం సంచులు పట్టుకుపోయి దిగుళ్ళు అక్కడే వదిలేస్తారు కదా!

సత్యవేణి ఇన్నాళ్ళూ ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంది. సొంత బావగారి కూతురి పెళ్ళికి మాత్రం తప్పలేదు.

"పాపకి కట్టరా?" అనడిగింది గూటి దగ్గరున్న అమ్మాయిని.

"పదేళ్ళలోపు పిల్లలకి కట్టకూడదండీ. తల ఇంకా లేత."

"అయితే మందు నా చేతిలోనే ఉంటుంది. చచ్చినా వదల్ను." పీల్చుమందు తీసి పిడికిట్లో బిగించింది సత్యవేణి.

పట్టీ చుట్టారు. నుదుటి మీద వెన్న రాసినంత చల్లగా ఉంది. విప్పేసరికి పిడికిలి దానంతటదే వదులైంది. చేతిలో ఉన్నదాన్ని చూసుకుంటే నవ్వొచ్చింది. పట్టుచీర కట్టుకుని ఇదెక్కడ మొయ్యను అనుకుని, సంచిలో పడేసి గూడు మూయించింది.

లోపల అందరి మొహాలూ కడిగిన పళ్ళేల్లా మెరిసిపోతున్నాయి. సత్యవేణి ముందువరసలో కూర్చుని, పెళ్ళికొడుకు మీసం మీద హాస్యాలాడి పక్కవాళ్ళని కడుపుబ్బ నవ్వించింది. హోమంలో నెయ్యి పడి పొగ గుప్పుమని లేచింది.

కాసేపటికి ఇందు వచ్చి చీరకుచ్చెళ్ళు పట్టుకు లాగింది. "అమ్మా... అమ్మా..."

పిల్ల డొక్కలు ఎగసిపడుతున్నాయి. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. అది ఆయాసమని సత్యవేణికి తెలుసు. మందు బయట గూట్లో ఉందనీ తెలుసు. కానీ తెలిసిందేదీ లోపలెక్కడా గుచ్చుకోలేదు. "ఎంత ముద్దొస్తున్నావే!" అని బుగ్గ గిల్లి నవ్వింది. పిల్ల రాజ్యం ఒళ్ళో పడింది. రాజ్యమూ నవ్వి, చేతిలో లడ్డు పెట్టింది. ఆ తర్వాత పిల్ల ఎటుపోయిందో ఎవరూ చూడలేదు. అంత మండపంలో భయమంటూ ఉన్నది పిల్లల దగ్గరే. పెద్దల్లో దాన్ని పోల్చుకునేవాళ్ళు ఒక్కరూ లేరు.

ఏడడుగులూ అయ్యాక భరిణె గుర్తొచ్చి సత్యవేణి తీరిగ్గా బయటికొచ్చింది. బిళ్ల ఇచ్చి, పట్టీ నుదుటికి పెట్టుకుంది.

ముందు అరికాళ్ళు చల్లబడ్డాయి. ఆ వెంటనే నేరేడురంగు పెదాలు కళ్ళముందు నిలిచాయి. చూసింది తను. ఆ బుగ్గ గిల్లింది తను.

"ఓరి దేవుడో, నా పిల్ల!"

సంచి లాక్కుని పరిగెత్తింది. గుమ్మానికి అడ్డకమ్మీ పడింది. "దయచేసి భయం దించి లోపలికి రండి," అంది గోడలోంచి ఓ మెత్తని గొంతు.

"దించితే నా పిల్లని ఎవరు వెతుకుతారే!"

కమ్మీ కింద నుంచి దూరింది. పట్టుచీర పర్రున చిరిగింది. చుట్టాలు నవ్వుతూ దారిచ్చారు. "తొందరేం పిన్నిగారూ, భోంచేసి వెళ్దురుగాని," అన్నారెవరో. కుర్చీల కింద వెతికింది, వంటశాలలో వెతికింది. చివరికి పెళ్ళిపీటల వెనక, తెర చాటున కనిపించింది ఇందు. కిటికీ ఊచలు పట్టుకుని, బయటి గాలికోసం నోరు తెరిచి, గోడకి జారిపోతోంది.

మందు నోటికి ఆనించి నొక్కింది. మళ్ళీ నొక్కింది. చాలాసేపటికి పిల్ల ఛాతీలో ఈల సన్నగిల్లి, పెదాలకి రంగొచ్చింది.

సత్యవేణి పిల్లని ఒళ్ళోకి లాక్కుని బావురుమంది. "నేను నవ్వితే మాత్రం ఏం, మళ్ళీ పిలవకపోయావా తల్లీ? మళ్ళీ వచ్చి నన్ను కొట్టయినా చెప్పకపోయావా?"

 ఇందు తల్లి మొహంలోకి, ఆ కన్నీళ్ళలోకి, కొత్తమనిషిని పరీక్షించినట్టు చూస్తూ ఉండిపోయింది. తెర అవతల సన్నాయి ఆగింది. విస్తళ్ళు వేస్తున్న చప్పుడు మొదలైంది. 

"అమ్మని బయట గూట్లో పెట్టేశారు కదా," అంది పిల్ల. "లోపల ఎవర్ని పిలవను?"